ఆరు బిందెల నీళ్లు

ఆగస్టు మొదట్లో వచ్చే అరవ పండగ, ఆడి నెల పద్దెనిమిదో రోజు పొద్దున మాదమ్మాళ్ తన మడి గట్టున కూర్చుని వంకాయలు కోస్తూ, మధ్యాహ్నం మీటింగులో చెప్పాల్సిన మాటను లోలోపలే అప్పజెప్పుకుంటోంది. మాట పెద్దదేమీ కాదు. ‘ఆ వంగ మొక్కలు చచ్చింది నా బిడ్డ వల్ల కాదు, నా వల్ల.’ అంతే. ఒక కాయ తెంపి గంపలో వేసేంత సేపు పట్టదు. కానీ ఐదు నెలలుగా ఆ మాట చేపముల్లులా గొంతుకు అడ్డం పడి, మింగుడు పడకా, బయటికి రాకా ఉండిపోయింది.

ఈరోజు చెప్పక తప్పదు. కూతురు ముత్తుసెల్వి హోసూరుకు పోతూ పోతూ ఒకటే షరతు పెట్టి పోయింది.

"ముప్పై మంది ముందర అన్నావు. ఆ ముప్పై మంది ముందరే కాదని చెప్పు. చెప్పిన రోజు వస్తాను. అంతదాకా నన్ను రమ్మనొద్దు."

ఆ ముప్పై మందీ మళ్లీ ఒక్కచోట చేరేది ఈరోజే. తోట మొదలుపెట్టి ఏడాది నిండింది. ఒక్కొక్కరూ లేచి తమ ఏడాది గురించి రెండు మాటలు చెప్పాలి, ఆ తర్వాతే వచ్చే ఏడాదికి మడి ఖాయం చేస్తారు.

తమిళనాడులోని ధర్మపురి నుంచి చెట్టికరై పోయే రోడ్డు పక్కన ఎప్పుడో మూతపడిన ఇటుకల బట్టీ ఒకటుంది. దాని సొంతదారు సిద్ధరాజ్ రిటైరైన బడిపంతులు. ఊరంతా ఆయన్ని వాత్తియార్ అనే పిలుస్తుంది. బీడు పడిన ఆ నేల పాములకు తప్ప ఎవరికీ అక్కరకు రావడం లేదని, కాలనీ మహిళా సంఘానికి కూరగాయలు వేసుకొమ్మని ఇచ్చాడు. ముప్పై మడులు, ఒక్కొక్కటి రెండు సెంట్లు. రెండు నెలలు ఏమీ వేయకుండా వదిలేస్తే ఆ మడి ఇంకొకరికి పోతుంది. చీట్లు తీస్తే మాదమ్మాళ్‌కు పదిహేడో నంబరు వచ్చింది.

"బోరు తొట్టి పక్కనే వచ్చినాదిమా నీకు. నీళ్లకు కొదవే లేదు" అంది సంఘం పెద్ద పచ్చయమ్మాళ్.

మాదమ్మాళ్ సంతోషపడలేదు. నీళ్లున్న చోటికి కప్పలొస్తాయి, కప్పల కోసం పాములొస్తాయి, బోరు మోటారుకు కరెంటు ఉంటుంది, కరెంటుకు తడి తగిలితే చాలు. ఆమె భయాలు అలాంటివి. ఒకటి తలుపు తీస్తే వెనకాలే పది లోపలికి వస్తాయి. భర్త ఆంజనేయన్ బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తాడు. ఫోను రెండు రింగుల్లో ఎత్తకపోతే ఆమె మనసులో అతను అప్పటికే మూడో అంతస్తు నుంచి కింద పడి ఉంటాడు. మూడో రింగుకు ఎత్తి "ఏమే" అంటే, బతికున్నందుకు తిట్టేది.

ఆ భయమే సెల్వి చదువును కూడా మింగింది. పన్నెండో తరగతి అయ్యాక ఆ పిల్లకు సేలం అవతల ఒక కాలేజీలో తోటల పెంపకం డిప్లొమాకు సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి, వారానికొకసారి బస్సులో రావాలి. బస్సు తొప్పూరు ఘాట్ దిగి పోవాలి.

"ఆ ఘాట్‌లో బ్రేకు పట్టని లారీలు ఎన్ని బండ్లను గుద్దినాయో నువ్వు చూడలేదా? వారం వారం నువ్వు ఆ దారిన పోయి వస్తావుంటే నేను బతికి ఉంటానా?" అని మాదమ్మాళ్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. సీటు పోయింది. సెల్వి మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు మొహం కడుక్కుని ఇంటి పనిలో పడింది. ఆ మొహం చూసే ఆంజనేయన్ సంఘంలో పేరు రాయించమన్నాడు.

"ఇదే నీ కాలేజీ అనుకో కన్నా. రెండు సెంట్ల కాలేజీ. హాస్టలు లేదు, ఘాట్ లేదు" అన్నాడు.

సెల్వి నవ్వలేదు కానీ మర్నాడే పార పట్టుకుంది. ఆ నేలలో మట్టి కంటే ఇటుక ముక్కలే ఎక్కువ. తట్ట తర్వాత తట్ట, నలభై తట్టలు ఏరి కంచె వారన పోసింది. పాపారపట్టి నుంచి మూడు మూటల మేకల ఎరువు టౌన్ బస్సులో తెచ్చింది. కండక్టరు ముక్కు మూసుకుని తిట్టిన తిట్లన్నీ ఇంటికొచ్చి తల్లికి నటించి చూపించింది. అప్పుడు నవ్వింది, చాలా రోజుల తర్వాత. దీపావళి వచ్చే ఐప్పసి నెలలో ఇరవై నాలుగు వంగ మొక్కలు నాటింది. ఒక నోటుబుక్కు పెట్టుకుని అందులో ఏ రోజు ఏం చేసిందీ అరవంలో రాసుకునేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు అక్షరం రాదు. మూడు రోజులకొకసారి, సాయంత్రం పూట, మొక్కకు రెండు చెంబులు. అంతకంటే ఒక్క చుక్క ఎక్కువ పోయనిచ్చేది కాదు.

"పైన ఎండినట్ల ఉండాది కదే" అనేది మాదమ్మాళ్.

"పైన ఎండితేనే మా, వేరు లోపలికి దిగేది. వేరుకు ఊపిరాడాల. ఇది బట్టీ మట్టి, బంకగా పట్టుకుంటుంది. నీళ్లు నిలిస్తే అంతే."

"చెట్టుకు ఊపిరేందే?"

"నీకు మాత్రమే ఉంటుందా ఊపిరి?"

మాదమ్మాళ్ ఎనిమిదో తరగతి దాకా చదివింది. కూతురు చెప్పింది అర్థం కాక కాదు. కానీ తెల్లారి లేస్తూనే ఆమెకు ఆ నెర్రెలిచ్చిన మట్టే కళ్లముందు ఆడేది. మొక్క ఎండిపోతే మడి పోతుంది. మడి పోతే పిల్ల మళ్లీ ఆ మూడు రోజుల ఏడుపు మొహం పెట్టుకుంటుంది. ఆ మొహంతో ఇంట్లో కూర్చున్న పిల్ల ఏం చేసుకుంటుందో, ఎక్కడికి పోతుందో. ఆలోచన అక్కడికి వచ్చేసరికి బిందె చేతిలో ఉండేది. ఐదు గంటలకే, ఎవరూ రాకముందే, తొట్టి నుంచి ఆరు బిందెలు ముంచి ఇరవై నాలుగు మొక్కలకూ పోసి, పైన పొడి మట్టి చల్లి, ఏమీ తెలియనట్టు ఇంటికొచ్చి కాఫీ పెట్టేది. రోజూ. సెల్వికి చెప్పలేదు. చెబితే అరుస్తుంది. మొక్కలు బాగుంటే చాలు, ఎవరి నీళ్లతో బాగుంటే ఏమి అనుకుంది.

మొక్కలు మొదట బాగానే ఉన్నాయి. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో పూత పట్టింది. ఆ మరుసటి మాసి నెలలో ఒక ఆదివారం పొద్దున చూస్తే ఇరవై నాలుగింటిలో తొమ్మిది మొక్కలు తలలు వాల్చేశాయి. ఆకు పచ్చగానే ఉంది, కానీ వేడినీళ్లు పోసినట్టు వేలాడుతోంది. మధ్యాహ్నానికి పదిహేనయ్యాయి.

బోరు మోటారు చెడిందని ఆ ఆదివారం తోటలో అందరూ చేరారు. ఆ రోజు వాత్తియార్ కూడా ఉన్నాడు, మోటారు బాగుచేయడానికి మెకానిక్కు కూడా వచ్చాడు. పద్దెనిమిదో నంబరు మడి మారియాయిది. ఆమె నోటికి కంచె లేదు. గట్టు దాటి వచ్చి, నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"ఏమి మాదమ్మా, నీ తోట మీద కళ్లు పడినాయా, కాళ్లు పడినాయా?"

"కాళ్లేందక్కా?"

"దూరముండాల్సినోళ్లు దూరముండకుండా లోపలికి వస్తే పచ్చని చెట్టు నిలబడుతుందా? మా అత్తగారి తమలపాకు తోట ఇట్లనే పోయినాది. పొద్దున పచ్చగుండె, సాయంత్రానికి వాలిపోయె."

ఆ మాట మాదమ్మాళ్‌కు కొత్తది కాదు. నెలసరి మూడు రోజులూ కరివేపాకు చెట్టును తాకకూడదు, ఊరగాయ జాడీ ముట్టకూడదు, తమలపాకు తోట దరిదాపులకు పోకూడదు. పన్నెండో ఏట నుంచి ఆమె అట్లాగే పాటించింది. సెల్వి మాత్రం పాటించదు. "ఆ మొక్కకు ముక్కుందా మా, కనుక్కునేదానికి?" అంటుంది. నిన్నటి నుంచి ఆ పిల్లకు ఆ రోజులే. అది తల్లికి తెలుసు. తెలిసీ పొద్దున వద్దని గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు కళ్ల ముందు పదిహేను మొక్కలు చస్తున్నాయి, మడి పోతుంది, ఎవరో ఒకరి వల్లే పోతుంది. భయం ఆమె నోరు పట్టి తెరిచింది.

"సెల్వీ! నిన్నటి నుంచి నువ్వు దూరం కదా? ఎందుకే లోపలికి వచ్చినావు? తొక్కి చంపేసినావు కదే తోటంతా!"

తోటలో ముప్పై మందీ తల తిప్పారు. వాత్తియార్ బోరు పైపు వైపు మొహం పెట్టుకున్నాడు. మెకానిక్కు చేతిలోని స్పానరు వైపు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. సెల్వి ఒక వంగ మొక్క మొదట్లో మట్టి తవ్వి చూస్తోంది. తవ్వే కొంకి చేతిలో అట్లాగే ఉంది. ఇంకో వేలెడు లోతు తవ్వి ఉంటే ఆ నల్లబడిన వేరు ఆమెకే కనిపించేది. తవ్వలేదు. కొంకి గట్టు మీద పెట్టి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నోటుబుక్కు గట్టు మీదే ఉండిపోయింది.

పది రోజులకు హోసూరులో సెల్‌ఫోను ముక్కలు బిగించే కంపెనీలో చేరిపోయింది. కంపెనీ వాళ్లదే హాస్టలు, వాళ్లదే బస్సు. మాదమ్మాళ్ వాకిట్లో అడ్డం నిలబడితే సంచి భుజానికి వేసుకుంటూ అంది: "హోసూరు దారిలో తొప్పూరు ఘాట్ లేదు కదా మా. ఇంకేమి భయం నీకు?" ఆ తర్వాతే ఆ షరతు.

ఆమె పోకముందే తోటలో ఇంకొకటి జరిగింది. మరుసటి ఆదివారానికల్లా పచ్చయమ్మాళ్ గేటు మీద ఒక బోర్డు కట్టించింది. నీలం రంగు మీద తెల్లని అరవ అక్షరాలు: ఆ మూడు రోజులూ ఆడవాళ్లు కంచె లోపలికి రాకూడదు, మీరినవాళ్ల మడి ఇంకొకరికి ఇచ్చేస్తారు. వాత్తియార్‌ను అడిగితే "అది మీ ఆడవాళ్ల సంగతి, నన్ను లాగొద్దండి" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడట. మాదమ్మాళ్ అరిచిన ఒక్క అరుపు ముప్పై ఇళ్లకు చట్టమైంది.

బోర్డు కట్టిన పది రోజులకు తోటల శాఖ నుంచి అన్బళగన్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. చచ్చిన వంగ మొక్కను ఒకటి పీకి, వేరును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి మొహం పక్కకు తిప్పాడు. వేరు మీద తోలు ఊడి చేతికి వచ్చింది.

"ఎన్ని రోజులకొకసారి నీళ్లు పెడతారమ్మా?" అని అరవంలో అడిగాడు.

"మూడు రోజులకొకసారి" అంది మాదమ్మాళ్.

"మూడు రోజులకొకసారి పెడితే ఇట్లా కుళ్లదు. రోజూ ఎవరో ముంచి పోశారు. మునిగి చచ్చినాయి ఇవి."

ఆమెకు తన ఆరు బిందెలు గుర్తొచ్చాయి. చుట్టూ చూసింది. దగ్గరలో ఎవరూ లేరు. ఆఫీసరు తన కాగితంలో ఏదో రాసుకుని పక్క మడికి పోయాడు. అప్పుడే పరుగెత్తుకుపోయి చెప్పేసి ఉంటే పోయేది. చెబితే పచ్చయమ్మాళ్ ఏమంటుంది, మారియాయి ఏమంటుంది, కన్నబిడ్డ మీద లేని నింద వేసిన తల్లి అని ఇంటింటా చెప్పుకోరా? రేపు చెబుదామనుకుంది. ఆ రేపు పంగుని దాటి, చిత్తిరై దాటి, ఆడి దాకా నడిచింది.

దానితోనూ అయిపోలేదు. చిత్తిరై ఎండల్లో మళ్లీ నాటిన వంగ నారు ఇంకా వేలెడే ఉంది. ఆంజనేయన్ బెంగళూరులో, సెల్వి హోసూరులో. నీళ్లు పెట్టేది ఆమె ఒక్కతే. ఆమెకు నలభై మూడేళ్లు, ఇంకా ఆ రోజులు ఆగలేదు. మూడు రోజులు పోకుంటే ఆ ఎండకు నారు మాడిపోతుంది. మాడితే రెండు నెలల గడువు, మడి పోతుంది. సెల్వి ఎప్పటికైనా తిరిగొస్తే రావడానికి ఉన్న చోటు ఆ మడి ఒక్కటే అని ఆమె నమ్మకం. తలారా నీళ్లు పోసుకుని, మొహాన ఇంత పసుపు పూసుకుని, దారి పొడుగునా ఊరి దేవత మారియమ్మను వేడుకుంటూ, ఐదు గంటలకే ఆ బోర్డు కింద నుంచి దొంగలా లోపలికి పోయింది. మొక్కకు రెండు చెంబులు, కూతురి నోటుబుక్కులో ఉన్నట్టే. ఇంటికొచ్చి రోజంతా తలుపు వేసుకుని కూర్చుంది.

మొక్కలు వాడలేదు. తర్వాతి నెలా పోయింది, అప్పుడూ వాడలేదు. మూడో నెలకు పూత వచ్చింది, కంచె మీదికి పాకించిన గుమ్మడి మూడు పిందెలు పట్టింది. ఇంకెవరైనా అయితే ఊపిరి పీల్చుకునేవాళ్లు. మాదమ్మాళ్‌కు భయం రెట్టింపైంది. మొక్కలు చచ్చి ఉంటే తాను అన్న మాటలో ఇంత నిజమైనా మిగిలేది.

మధ్యాహ్నం మీటింగు రేకుల షెడ్డు కింద జరిగింది. ఆడి పద్దెనిమిది పండగ కాబట్టి అందరూ చింతపండు అన్నం, నిమ్మకాయ అన్నం, పెరుగన్నం కట్టుకొచ్చారు. వాత్తియార్ కుర్చీలో, తక్కినవాళ్లు కింద పరిచిన పట్టాల మీద. కంచె అవతల, రోడ్డు వైపు, పచ్చయమ్మాళ్ కోడలు వినోదిని నిలబడి ఉంది. ఆ పిల్లకు ఆ రోజులట. అన్నం ఆకులో పెట్టి ముళ్లకంచె మీదుగా అందించారు. ఎండలో నిలబడి తింటూ వింటోంది.

మొదట మారియాయి లేచింది.

"నా ఏడాది గురించి చెప్పేదానికి ఏముండాది? ముల్లంగి వేస్తే ఆకు నా నడుమెత్తు వచ్చినాది, కింద చూస్తే ఎలకతోక అంత ఉండాది. నా మొగుడు మాదిరే, పైన ఆర్భాటం, కింద ఏమీ లేదు."

షెడ్డు పగిలేలా నవ్వారు. వాత్తియార్ కూడా తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నవ్వొద్దండి, అసలు సంగతి ఇంకా ఉండాది. మొన్న ఎండాకాలం వైకాసిలో నా సొరపాదు నిండా పిందెలు. ఒక్క వారంలో అన్నీ రాలినాయి. ఎవరిదో కాలు పడినాది. ఎవరో తెలిసిన రోజు ఉంటుంది నా చేత."

"నా టమాటాలకు ఆకు ముడుచుకున్నదీ అందుకే. బోర్డు కట్టినాక కూడా ఎవరో వస్తావుండారు" అంది పచ్చయమ్మాళ్. ఇంకో ఇద్దరు ముగ్గురు తమ బెండనూ, తమ చిక్కుడునూ చెప్పుకున్నారు. ఏడాదిలో పోయిన ప్రతి కాయకూ ఒక కాలు వెతుకుతున్నారు. మాదమ్మాళ్ తన పాదాలను చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

పదిహేడో నంబరు పిలిచారు. లేచింది. రేకుల వేడికి చెమట మెడ మీద నుంచి జారుతోంది.

"నా వంగ చెట్లు మాసి నెలలో చచ్చిపోయినాయి. మీరందరూ చూసినారు" అంది. "నేను ఆ రోజు నా బిడ్డను అన్నాను. అది తప్పు. అది వచ్చినందుకు కాదు చెట్లు పోయింది. నేనే పొద్దున్నే వచ్చి రోజూ ఆరు బిందెల నీళ్లు పోసినాను. దానికి తెలీకుండా పోసినాను. వేరు కుళ్లిపోయినాది. ఆఫీసరు వచ్చి చెప్పినాడు. నా బిడ్డది ఏ తప్పూ లేదు."

అయిపోయింది. ముల్లు బయటపడింది. ఆమెకు కళ్లు తిరిగినంత తేలిక అనిపించింది.

పచ్చయమ్మాళ్ "పావం" అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "కన్నతల్లి అంటే ఇదిమా. కూతురి మీద పడిన మాట ఎత్తి తన నెత్తిన పెట్టుకుంటావుంది చూడండి."

"నిజంగానే నేనే పోసినానక్కా" అంది మాదమ్మాళ్.

"ఊరుకో మాదమ్మా, తెలుసులే" అని మారియాయి ఆమె చేయి పట్టుకుంది. "పిల్లకు సంబంధాలు చూడాల కదా, నువ్వు ఇట్ల చెప్పక ఎట్ల చెప్తావు? నీళ్లు పోస్తే చెట్టు చస్తుందా ఎక్కడైనా? నీళ్లు లేక చస్తుంది గానీ."

అందరూ తలలూపారు. ఎవరో చప్పట్లు కొట్టారు, తక్కినవాళ్లూ కొట్టారు. మాదమ్మాళ్ ఆ చప్పట్ల మధ్య నీళ్లలో పడిన దానిలా చేతులాడించింది.

"కాదక్కా, ఆఫీసరును అడగండి. ఆ రోజులకూ చెట్టుకూ ఏమీ లేదు. అది సుమ్మా, ఊరికే మన భయం."

మారియాయి నవ్వు ఆపింది. "ఏమీ లేదా? సరి. ఆ రోజుల్లో లోపలికి పోయినోళ్లు ఎవరైనా ఉండారా, పోయినాక కూడా వాళ్ల చెట్టు పచ్చగా నిలిచినాదా? ఉంటే లెయ్యమను. ఒక్కరిని చూపించు, బోర్డు నేనే పీకి పొయ్యిలో పెడతాను."

ఎవరూ కదల్లేదు. కంచె అవతల వినోదిని తినడం ఆపేసి, ముళ్లు లేని చోట తీగను పట్టుకుని మాదమ్మాళ్ వైపే చూస్తోంది.

చూపించడానికి ఒకరున్నారు. లేచి నిలబడే ఉన్నారు. పొద్దున ఆమె కోసుకొచ్చిన వంకాయలు గంప నిండా అక్కడే, అందరి ముందూ, నిగనిగలాడుతున్నాయి. ‘నేను పోయినాను, నెల నెలా పోయినాను, ఇవిగో’ అంటే చాలు. ఆమె నోరు తెరిచింది. తెరిచేసరికి ముందు మారియాయి సొరపాదు కనిపించింది, తర్వాత పచ్చయమ్మాళ్ టమాటాలు, తర్వాత ఎవరెవరి బెండ, చిక్కుడు, ముల్లంగి, అన్నీ వచ్చి తన వాకిట్లో కుప్పపడినట్టు. ముప్పై ఇళ్ల నష్టం తన కాళ్లకు చుట్టుకుంటుంది. మడి ఈరోజే పోతుంది. వీధి కుళాయి దగ్గర బిందె పక్కన బిందె పెట్టనివ్వరు. ఆంజనేయన్‌ను ఎవరో దారిలో ఆపి అడుగుతారు. రేపు సెల్వి వచ్చినా, ఏ మడికి వస్తుంది?

"ఉండారా మా?" అంది మారియాయి.

"లేరు" అంది మాదమ్మాళ్. కూర్చుంది.

వినోదిని తీగ వదిలేసి, ఆకు మడిచి రోడ్డు పక్కన పారేసి వెళ్లిపోయింది.

తర్వాత పచ్చయమ్మాళ్ వచ్చే ఏడాది నిబంధనలు చదివింది. పాతవే. బోర్డులోని మాట కూడా చదివింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. పదిహేడో నంబరు మాదమ్మాళ్‌కే ఖాయమైంది. పైగా చచ్చిన తోటను తిరిగి లేపిన చేయి అని వాత్తియార్ చేతుల మీదుగా ఒక ఎవర్‌సిల్వర్ స్టీలు టిఫిన్ డబ్బా ఇప్పించారు.

సాయంత్రం సెల్వే ఫోను చేసింది. ఐదు నెలల్లో తానుగా చేయడం అదే మొదటిసారి. వెనక హాస్టల్లో బకెట్ల చప్పుడు వినిపిస్తోంది.

"మీటింగు అయినాదా?"

"అయినాది."

"చెప్పినావా?"

"చెప్పినాను కన్నా. అందరి ముందరా లేచి చెప్పినాను. నీ తప్పు లేదు, నీళ్లు పోసింది నేనే అని."

అవతల బకెట్ల చప్పుడు దూరమైంది. పిల్ల ఎక్కడికో పక్కకు వచ్చినట్టుంది. "ఏమి నీళ్లు?"

అప్పుడు గుర్తొచ్చింది మాదమ్మాళ్‌కు, ఈ సంగతి సెల్వికి ఇంతదాకా తెలియదని.

"పొద్దున్నే పోసేదాన్ని. నువ్వు లేవకముందు."

"ఎన్ని?"

"ఆరు బిందెలు."

"రోజూనా?"

"రోజూ."

సెల్వి నవ్వింది, నవ్వులా లేదు అది. "నేను బుక్కులో మూడు రోజులకొకసారి అని రాసుకుంటావుండాను. ఎరువు ఎక్కువైనాదా, మట్టి సరిలేదా, నేనే ఏమైనా చేసినానా అని హోసూరు వచ్చినాక కూడా అనుకుంటావుండాను మా. ఎప్పుడు తెలిసె నీకు?"

"పంగుని మొదట్లో. ఆఫీసరు వచ్చి..."

"అంటే నేను పోయినాక వారానికే తెలుసు."

మాదమ్మాళ్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"సరి, ఇప్పుడైనా చెప్పినావు. బోర్డు తీసేసినారా?"

గోడ మీద బల్లి ఒకటి దీపం వైపు పాకుతోంది. మాదమ్మాళ్ దాన్నే చూసింది.

"తీసేసినారా మా?"

"రాత్రికి అన్నం తినినావా? అక్కడ ఏమి పెడతారు? పోయిన వారం జలుబు అన్నావని మీ నాయన చెప్పె..."

"ఆ బోర్డు కింద నుంచి నేను రాను మా" అంది సెల్వి. కోపంగా అనలేదు. అదే మాదమ్మాళ్‌కు ఎక్కువ భయం వేసింది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. ఎవర్‌సిల్వర్ డబ్బా బల్ల మీద మూత తీయకుండా అట్లాగే ఉంది. గంపలో వంకాయలున్నాయి. ఆంజనేయన్ రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తినేవాళ్లు లేరు. నాలుగు తీసిపెట్టుకుని తక్కినవి మారియాయికి ఇచ్చి వచ్చింది.

ఆరు రోజుల తర్వాత ఆమెకు ఆ రోజులు వచ్చాయి. నోటుబుక్కు ప్రకారం అది నీళ్లు పెట్టాల్సిన రోజు కూడా. తెల్లారకముందే తలకు పోసుకుంది. ఈసారి మొహానికి పసుపు పూసుకోలేదు, మారియమ్మను తలచుకోలేదు. గేటు దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. రోడ్డు మీద పాలబండి ఒకటి పోయింది. అది మలుపు తిరిగేదాకా ఆగి, బోర్డు కింద తల వంచి లోపలికి పోయింది.

మొక్కకు రెండు చెంబులు. ఇరవై నాలుగు మొక్కలు. ఆఖరి మొక్క దగ్గరికి వచ్చేసరికి వెలుతురు వచ్చింది. ఆకుల కింద ఊదారంగు పూలు మళ్లీ విచ్చుకుని ఉన్నాయి. ఒక్కొక్క మొక్కనూ ఆకులెత్తి, మొదలు తడిమి, పరీక్షగా చూసుకుంటూ వెనక్కి వచ్చింది. ఒక్కటైనా వాడి ఉంటుందేమోనని చూసింది.

ఒక్కటీ వాడలేదు.